చప్పిడి భోజనము - పంక్తిభేదము

ఉప్పునకు మన భాషలో నున్న గౌరవము మఱి యే భోజనపదార్థమునకును లేదు. కృతజ్ఞుడైన సేవకునకు "ఉప్పు తిన్న విశ్వాసము" కలదందురు. అవమానమును సహించి యూరకుండువానిని "నీవు ఉప్పు కారము తినుట లేదా?" యని నిలదీయుదురు. అనగా కృతజ్ఞతయు, ఆత్మాభిమానమును గూడ ఉప్పుతోడనే శరీరమున బ్రవేశించునని మన పెద్దల యూహ కాబోలును. ఇట్టి భాషను మాటలాడు జనులలో నొకనికి వైద్యుడు ఉప్పు మానుమని చెప్పినప్పుడు వాని విస్తరినుండి ఒక రుచి మాత్రమే తొలగినదని తలంచుట చాలదు. ఆ దినము మొదలు వాని యన్నము చప్పిడి కూడగును. వానికి వేఱు గిన్నె, వేఱు గరిటె ఏర్పడును. కొంత కాలమునకు వేఱు వేళయు నేర్పడును. పోటు రక్తమునకు వచ్చినది. వెలి మాత్రము మనిషికి పడినది.

ఇచ్చట విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు. ఉప్పు మానవలసినవానికి రుచిగల భోజనము పెట్టుట ఇంటివారి ధర్మమా? లేక వాని జిహ్వాచాపల్యమునకు లోబడుటయా? "రోగికి రుచి యెందులకు? పథ్యము పథ్యమే" యనువారు మనలో పెక్కురు కలరు. వారి మాట వినుటకు వైరాగ్యమువలె నుండును. అది నిజముగా వైరాగ్యమో కాదో పరీక్షింతము.

ఉప్పు తగ్గింపవలె ననుటలో వివాదము లేదు. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు లోపుగా మాత్రమే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లోకములో సగటున మనుష్యుడు తినునది దానికి రెండింతలు మించియున్నది. అధికమైన ఉప్పు రక్తపుపోటును హెచ్చించి గుండెకును, మూత్రపిండములకును, మెదడునకును కీడు చేయును. ఇది పాశ్చాత్యులు మనకు క్రొత్తగా నేర్పిన పాఠము మాత్రమే కాదు. పిప్పలి, క్షారము, లవణము అను మూడింటిని అతిగా వాడరాదని చరకసంహిత విమానస్థానమునందు స్పష్టముగా నిషేధించియున్నది. షడ్రసములలో లవణమును లెక్కించిన శాస్త్రమే దానికి హద్దును గూడ గీచినది.

అయితే హితమైన దంతయు నిలుచునా? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున వాల్టరు కెంప్నరు అను వైద్యుడు 1939వ సంవత్సరమున తీవ్రమైన రక్తపుపోటు గలవారికి అన్నము, పండ్లు, పండ్లరసములు, పంచదార మాత్రమే పెట్టి, ఉప్పును పూర్తిగా తీసివేసి చికిత్స చేయ నారంభించెను. ఆ రోగమునకు తగిన మందులు లేని కాలమది. అనేకులకు పోటు తగ్గెను. కాని నిత్యము ఒకే తీరున నుండు నా చప్పని భోజనముతో చిరకాలము గడుపుట మిక్కిలి కష్టమయ్యెను. పథ్యము ఎంత గుణకారియైనను రోగి దానిని విడిచిన మఱునాడు అది నిష్ఫలమే కదా! చప్పిడి తినలేక చాటుగా ఊరగాయ జాడీ మూత తీయు వృద్ధులను మన మెఱుగనివారము కాము. వారి దోషమును లెక్కించునప్పుడు వారి కంచములో మనము ఏమి వడ్డించితిమో గూడ లెక్కింపవలయును.

ఇక వైరాగ్యవాదుల మాట. కటువు, ఆమ్లము, లవణము మితిమీఱిన యాహారము రాజసమని భగవద్గీత పదునేడవ యధ్యాయమున చెప్పబడినది. ఇది యందఱికిని తెలిసినదే. కాని దానికి ముందు శ్లోకముననే సాత్త్వికాహారమును వర్ణించుచు, అది "రస్యము"గా నుండవలెనని చెప్పబడియున్నది. రసము లేని తిండి సాత్త్వికమని గీత చెప్పలేదు. రసమును విడిచిన, చల్లారిన, పాసిపోయిన తిండిని తామసములో చేర్చినది. నిన్నటి ముద్దపప్పును ఉప్పు లేకుండ రోగి ముందు త్రోసి, ఇది సాత్త్వికమని చెప్పువారు ఆ రెండు శ్లోకములను మఱియొకసారి చదువుకొందురు గాక.

గాంధీమహాత్ముని చరిత్రము ఈ విషయమున మంచి వెలుగు నిచ్చుచున్నది. దక్షిణాఫ్రికాలో కస్తూరిబాయి వ్యాధిగ్రస్తురాలైనప్పుడు ఆయన ఆమెను ఉప్పును, పప్పులను మానుమని కోరెను. మీకే యెవరైన చెప్పిన మీరు మానగలరా యని ఆమె యడిగెను. ఆయన వెంటనే తాను ఒక సంవత్సరము మానుదునని పలికి, మానెను. అట్లు ఉప్పు విడిచిన మనుష్యుడే 1930వ సంవత్సరము మార్చి 12వ తేదీన సబర్మతినుండి బయలుదేఱి, సుమారు 240 మైళ్లు నడచి, ఏప్రిల్ 6వ తేదీన దండి సముద్రతీరమున పిడికెడు ఉప్పు నెత్తెను. ఈ రెండింటికిని వైరుద్ధ్యము లేదు. తన ఉప్పును తాను విడుచుట తపస్సు. పేదవాని ఉప్పును మఱియొకడు హరించుట హింస. అంతియే కాదు. భార్యకు పథ్యము చెప్పిన భర్త తన విస్తరిని గూడ ఆమె విస్తరివలెనే చేసికొనెను. ఉపదేశమునకు విలువ వచ్చినది అక్కడ.

మన సంఘము ఇతరుల నాలుకలపై వ్రతములు విధించుటలో చాల కాలము ఆఱితేఱియుండెను. భర్త పోయిన స్త్రీకి ఒంటిపూట భోజనము నిర్ణయించి, రుచులను నిషేధించి, దానిని ఆమె పుణ్యమని పిలిచినవారు తాము మాత్రము రెండు పూటలు పిండివంటలతో భుజించిరి. రోగి విషయములో నేడు మనము చూపు నుదాసీనత ఆ పాత క్రౌర్యమునకు దూరపు చుట్టమే. ఎన్నుకొన్న త్యాగము ఒకటి, నెత్తిన పడిన లేమి మఱియొకటి. రెండవదానిని మొదటి పేరుతో పిలుచుట అసత్యము.

మన ధర్మశాస్త్రములు పంక్తిభేదమును దోషముగా నెంచినవి. ఒకే పంక్తిలో కూర్చుండినవారికి వడ్డనలో భేదము చూపరాదు. ఈ ధర్మమును వంటింటిలోనికి దెచ్చిన యెడల మన ప్రశ్నకు జవాబు దొరకును. ఇంటిల్లిపాదికిని ఉప్పు లేకుండనే వండుడు. విస్తరి మూలను ఉప్పు వడ్డించు నాచారము మనకు పూర్వమునుండియు నున్నదే కదా. కావలసినవాడు కలుపుకొనును, కూడనివాడు మానును. గిన్నె ఒక్కటియే, పంక్తి ఒక్కటియే. పైగా ఆరోగ్యవంతులును తమకు తెలియకయే తక్కువ ఉప్పు తిందురు. కొన్ని వారములకు నాలుక దానికే యలవడి, వెనుకటి కూర ఉప్పు కషాయమని తోచును.

అట్లు వండిన వంట అందఱికిని రుచింపవలె నన్నచో శ్రద్ధ కావలయును. శాకాహారపు వంటలో నీ శ్రద్ధకు సాధనములు కొల్లలు. పులుపు ఉప్పులేమిని చాలవఱకు కప్పును. మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు, గోంగూర - ఇవి ఉప్పు లేకున్నను నోరూరించునవి. కాని పప్పు మెత్తగా ఉడికిన పిమ్మటనే పులుపు వేయవలయును. ముందే వేసిన పప్పు ఉడుకదు. నిమ్మరసము పొయ్యినుండి దించిన తరువాత పిండవలయును. వంకాయను నిప్పులపై కాల్చిన వచ్చు కమ్మదనము నీటిలో ఉడికించిన రాదు. వేయించిన నువ్వులపొడి, కొబ్బరి, అప్పుడే నూఱిన అల్లము, పచ్చిమిరపకాయ, కొత్తిమీర కలిసిన ముద్ద, కడపట ఇంగువ, ఆవాలు, జీలకఱ్ఱ, కరివేపాకులతో నేతిపోపు - ఇన్ని యుండగా ఒక్క ఉప్పు లేదని వగచుట యేల? మజ్జిగలో దబ్బాకు త్రుంచి వేసినచో ఆ సువాసనయే చాలును. ఉప్పు చేదు నణచును గనుక అది లేని కాకరకాయకు చింతపండు, బెల్లము కొంచెము హెచ్చుగా కావలయును. ఆవకాయ, అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు, సోడా వేసిన ఫలహారములు మాత్రము చాటునుండి వచ్చు ఉప్పులు. వానిని మఱువరాదు.

ఉప్పునకు బదులుగా అమ్మెడి పొటాసియపు లవణములు మూత్రపిండవ్యాధి గలవారికి ప్రమాదకరములు. వైద్యు నడుగక వాడరాదు. మన దేశమున అయొడినును ఉప్పుతోనే కలిపి యిచ్చుచున్నారు గనుక, ఉప్పును పూర్తిగా మానువారు ఆ విషయమును గూడ ఆయన నడిగి తెలిసికొనవలయును.

ఇంతవఱకు చెప్పినదానిలో నొక చిక్కు మిగిలియున్నది. ఉప్పు రుచి నిచ్చుటయే గాక శ్రమను గూడ తగ్గించును. ఉప్పు వేసిన ఊరగాయ ఏడాది నిలుచును. ఉప్పు లేని పచ్చడిని ఏపూట కాపూట నూఱవలయును. ఆ నూఱెడి చేయి ఎవరిది? సామాన్యముగా ఇల్లాలిది. రోగికి దయ చూపుడని వ్రాసి, ఆ దయ యొక్క బరువంతయు నామె భుజములమీద పెట్టి, మనము అరుగుమీద కూర్చుండుట న్యాయము కాదు. అట్లు చేసిన ఒక పంక్తిభేదమును పోగొట్టి మఱియొక దానిని కల్పించినవార మగుదుము. కావున ఇంటి మగవారు రోటియొద్దకు వచ్చుట నేర్వవలయును. రోగి కూర్చుండగలవాడైనచో వాడును కొత్తిమీర యేఱవచ్చును, నువ్వులు వేయింపవచ్చును. తన పథ్యమును తాను వండుకొనుటలో చేయి వేసినవానికి అది యితరులు విధించిన శిక్షగా తోచదు.

చదువరులారా, మీ యింట చప్పిడి తినువారుండిరేని నేటి రాత్రి వారి గిన్నెలోని కూరను మీరును ఒక ముద్ద తిని చూడుడు. అది మీకు మ్రింగుడు పడనిచో దానిని వారికి పెట్టకుడు. రేపటి కూరను వేఱు విధముగా వండుడు.