అరువు తెచ్చిన పాత్రలు



రాజులు రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో (4:1-7) ఒక విధవరాలు ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంటుంది. భర్త దైవభక్తుడే, ప్రవక్తల సమాజంలోనివాడే. అయినా అప్పు మిగిల్చి కన్నుమూశాడు. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ప్రవక్త ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. కొంచెం నూనె ఉందంది. ఇరుగుపొరుగు ఇండ్లలో ఖాళీ పాత్రలు వీలైనన్ని అరువు తెచ్చుకోమన్నాడు. కొడుకులు పాత్రలు అందిస్తుంటే ఆమె పోస్తూనే ఉంది. పాత్రలు అయిపోయాకే నూనె ఆగింది. అది అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రతకమన్నాడు ప్రవక్త.

నూనె దేవునిది. పాత్రలు మాత్రం పొరుగువారివి. వాళ్ళు తలుపులు వేసుకొని ఉంటే ఆ నూనె ఎక్కడ పోసేది?

కొన్నేళ్ళ క్రిందట తపస్సు కాలంలో, దివ్యపూజ అయిన తరువాత, మా విచారణలోని ఒక తల్లి వచ్చింది. ఆమె కూడా విధవరాలే. "ఫాదర్, ఇంట్లోనే జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. పొయ్యి, పెనం, రెండు మూటల జొన్నలు కావాల. పదివేలు ఎవరన్నా ఇప్పిస్తారా?" అంది. మన కర్నూలు, కడప సీమలో రొట్టె తట్టే చేతికి పని దొరకదా? నేనేమో "ప్రార్థించమ్మా, ప్రభువు దారి చూపిస్తాడు" అని రెండువందలు చేతిలో పెట్టి పంపాను.

పది రోజుల్లో ఆమె రోజువారీ ఫైనాన్స్ దగ్గరకు పోయింది. పదివేలు వ్రాసుకొని 8,500 ఇచ్చారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. పట్టుకున్నది 1,500 మాత్రమే కదా అనిపిస్తుంది. కాని మొదటి రోజు నుండే అసలు తరిగిపోతూ ఉంటుంది. సగటున ఆమె చేతిలో ఉన్నది 4,250. దానిమీద మూడు నెలల పది రోజులకు 1,500 అంటే నెలకు నూటికి పది రూపాయలు దాటిన వడ్డీ! రొట్టెలమీద అంత లాభం ఎవరికి వస్తుంది? ఒక వారం జ్వరంతో పడుకుంది. బాకీ నిలిచింది. పొయ్యి, పెనం ఎత్తుకుపోయారు. తిరుగలిని తాకట్టు పట్టడమంటే మనిషి ప్రాణాన్ని తాకట్టు పట్టడమేనని మోషే ధర్మశాస్త్రం (ద్వితీయో. 24:6) చెబుతుంది. సిగ్గుతో ఆమె పూజకు రావడం మానుకుంది. ఆ ఫైనాన్స్ పెట్టుబడిలో మన ముందు వరుసలో కూర్చొని సత్ప్రసాదం స్వీకరించే ఒక పెద్దమనిషి డబ్బు కూడా ఉందని నాకు తరువాత తెలిసింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, వడ్డీని గురించి పునీత తోమాసు అక్వినాసు వాదమంతా కంఠస్థం చేశాను. మార్కులు బాగానే వచ్చాయి. కాని శ్రీసభ పుస్తకంతో ఆగిపోలేదు. 1462లో ఇటలీలోని పెరూజియాలో ఫ్రాన్సిస్కన్ సభ గురువుల ప్రోద్బలంతో, పేదలకు తాకట్టుమీద చవకగా అప్పిచ్చే నిధి వెలసింది. దాన్ని నడిపే ఖర్చుల మేరకు కొంత పుచ్చుకోవడం దోషం కాదని 1515లో అయిదవ లాటరన్ మహాసభ తీర్మానించింది. మన పల్లెల్లో ధర్మవడ్డీ అనే మాట ఉంది. అది ఇలాంటిదే.

దూరం పోనక్కరలేదు. కర్నూలు నుండి నంద్యాల పోయే దారిలోని ఓర్వకల్లు చూడండి. 1990ల మధ్య నుండి ఆ మండలంలో ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేసి, ఆ డబ్బునే ఒకరికొకరు అప్పిచ్చుకొని, ఆ తరువాత బ్యాంకు మెట్లెక్కారు. సంఘాలకు బ్యాంకులు అప్పిచ్చే పద్ధతిని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. అక్కడ తాకట్టు నగ కాదు, తోటివారి మాట. అయితే సంఘమన్నదంతా మంచిదే అనలేను. సూక్ష్మరుణ కంపెనీలు కూడా గుంపులు కట్టించే వసూలు చేశాయి. ఆ ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. జ్వరం వచ్చినవారికి వారం గడువిస్తారా లేదా అని అడిగిన తరువాతే ఏ గుంపులోనైనా చేరండి.

2015 నుండి ముద్రా పథకం క్రింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు కూడా ఉంది. కాని మేనేజరు ముందు కూర్చొని కాగితం నింపే ధైర్యం ఆ తల్లికి లేదు. చదువుకున్న మన యువకులు ఒక పూట పని మానుకొని ఇటువంటివారికి తోడు వెళ్ళరాదా? ఆ పూట కూడా ఒక ఖాళీ పాత్రే. మూడు రూపాయల వడ్డీకి తిప్పే విశ్వాసులారా, తోటి విశ్వాసి దగ్గరనైనా ధర్మవడ్డీకి దిగండి. ఆ పెద్దమనిషి ఈ పత్రిక చదువుతారు, నాకు తెలుసు.

ఆ తల్లిని చివరకు పొరుగింటి స్త్రీలే తమ పొదుపు సంఘంలో చేర్చుకున్నారు, నేను కాదు. సంఘం అప్పుతో జొన్నలు కొంది. ఇప్పుడు సాయంత్రం ఆమె ఇంటి ముందు రొట్టెలకోసం నిలబడేవారిలో నేనూ ఉంటాను. రొట్టె కాల్చే పెనం మాత్రం ఇంకా పక్కింటామెదే.