జవాబు చెప్పే సాయం

మన దగ్గర సేవ చేసేవాళ్లకి దండలకి కొదవ లేదు. శాలువా కప్పుతాం, వేదిక మీద కూర్చోబెడతాం, దేవుడిలాంటి మనిషి అంటాం. అదే మనిషి ‘ఇది నా ఉద్యోగం, నెలాఖరుకి జీతం వస్తుంది, దీనికోసం రెండేళ్లు ఎమ్మెస్‌డబ్ల్యూ చదివాను’ అంటే మాత్రం మన ముఖంలో వెలుగు కాస్త తగ్గుతుంది. జీతం తీసుకుంటే అది సేవ ఎలా అవుతుందన్న అనుమానం లోపల ఎక్కడో కదులుతుంది. ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌గా పనిచేసిన కాలంలోనూ, తర్వాత విద్యార్థుల ఫీల్డ్‌వర్క్ చూసుకుంటున్న కాలంలోనూ ఈ అనుమానం నాకు ఎదురవుతూనే ఉంది. చుట్టాలు మర్యాదగా అడిగారు, డాక్టర్లు సూటిగా అడిగారు. ఆలోచించగా ఆలోచించగా నాకు తేలింది ఇది: సాయం చేసేవాడు జీతం తీసుకుని, పద్ధతి నేర్చుకుని, తను చేసినదానికి జవాబు చెప్పుకునే స్థితిలో ఉన్నప్పుడే సాయం అందుకునేవాడు తల ఎత్తుకుని నిలబడగలడు. దయ ఎంత గొప్పదైనా ఒంటరిగా ఆ పని చేయలేదు.

ఈ తగువు వందేళ్లకి పైబడింది. 1915లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ధర్మకార్యాలు నడిపేవాళ్ల జాతీయ సదస్సు జరిగింది. సోషల్ వర్క్ వృత్తి అవునా కాదా అన్న విషయం మీద మాట్లాడమని అబ్రహాం ఫ్లెక్స్‌నర్‌ని పిలిచారు. అంతకి అయిదేళ్ల ముందు అమెరికా, కెనడాల వైద్య కళాశాలల మీద ఆయన ఇచ్చిన నివేదిక ఆ దేశాల్లో వైద్య విద్యనే మార్చేసింది. అలాంటి మనిషి మాట అంటే కొలబద్దే. ఆయన సోషల్ వర్క్ ఇంకా వృత్తి కాలేదన్నారు. సోషల్ వర్కర్ సొంతంగా తేల్చేది ఏదీ లేదు, కష్టంలో ఉన్న మనిషిని డాక్టరు దగ్గరికో, లాయరు దగ్గరికో, బడికో చేర్చే మధ్యవర్తి మాత్రమే, ఇంకొకరికి నేర్పదగ్గ ప్రత్యేకమైన పద్ధతి అతని చేతిలో లేదు అన్నది ఆయన వాదన. రెండేళ్లకి, 1917లో, మేరీ రిచ్‌మండ్ రాసిన ‘సోషల్ డయాగ్నోసిస్’ అన్న పుస్తకం వచ్చింది. ఒక కుటుంబం కష్టాన్ని అర్థం చేసుకోవాలంటే ఎవరిని అడగాలి, ఎవరి మాటని ఎంతవరకు నమ్మాలి, చుట్టాల మాటకీ పని ఇచ్చినవాడి మాటకీ పొంతన కుదరనప్పుడు ఏం చేయాలి అన్నది ఆమె వందల పేజీల్లో విడమరిచి రాశారు. ఎన్నో ఏళ్లుగా ఆమె కూడబెట్టుకుంటూ వచ్చిన పని అది. ఈ వృత్తిలోవాళ్లు మాత్రం దాన్ని ఫ్లెక్స్‌నర్‌కి జవాబుగా చేత పట్టుకున్నారు.

మధ్యవర్తి అంటే తక్కువ అన్న భావం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు 1905లోనే ఆస్పత్రిలో సోషల్ వర్క్ మొదలుపెట్టించారు. మంచి తిండి, విశ్రాంతి అని చీటీ మీద రాసి పంపుతున్నాం, ఆ మనిషి ఇంట్లో ఆ రెండూ ఉన్నాయో లేవో తెలియకుండా రాసే మందు మందే కాదు అన్న గ్రహింపుతో ఆయన ఆ పని చేశారు. మన సర్కారు ఆస్పత్రి ఓపీ బయట గంటసేపు నిలబడితే ఈ మాట ఎంత నిజమో ఎవరికైనా అర్థమవుతుంది.

ఒక కౌలు రైతు గురించి చెప్పాలి. గుర్తుపట్టే వివరాలు తీసేసి చెబుతున్నాను. షుగర్ ముదిరి కాలు మోకాలి కింద వరకు తీసేశారు. గాయం మానింది, డిశ్చార్జి రాశారు, మనిషి మంచం దిగడు. మొండితనం అంది వార్డు. కొన్ని మధ్యాహ్నాలు పక్కన కూర్చున్నాక ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మరుగుదొడ్డి ఇంటి వెనక ఉంది, మధ్యలో రెండు ఎత్తు మెట్లు. పెద్దమ్మాయి పురిటికి వచ్చి ఉంది, వియ్యాలవారు చూడడానికి వస్తారు, వాళ్ల ముందు అరుగు మీద అలా పడి ఉండడం ఆయనకి చావుతో సమానం. అన్నిటికంటే పెద్ద భయం కౌలు. కాలు పోయిందని తెలిస్తే భూమి గలాయన వచ్చే పంటకి ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఇవేవీ కేస్‌షీటులో లేవు, ఉండవు కూడా.

వికలాంగులకి ఇచ్చే సదరం సర్టిఫికెట్, పింఛను, జైపూర్ కాలు, ఇంటి మెట్ల దగ్గర ఒక వాలు, ఇవన్నీ నేను చకచకా రాసుకున్న జాబితా. ఆయన జాబితా వేరు. కౌలు మాట తేలేదాకా నా కాలు సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు, మిగతావన్నీ తర్వాత అన్నాడు. భూమి గలాయన తరఫు మనిషి వార్డుకి ఫోన్ చేసి ‘మా వాడికి ఎలా ఉంది, ఏం ఆపరేషన్ చేశారు’ అని అభిమానంగానే అడిగాడు. మేం చెప్పలేదు. ఆ సమాచారం ఆ రైతుది. ఈలోపు బావమరిది వచ్చి, ఈ ఏడు సేద్యం తను దగ్గరుండి చూస్తానని ముందుకొచ్చాక, కౌలు గురించి ఎప్పుడు ఏం చెప్పాలో ఆయనే నిర్ణయించుకున్నాడు. ఆ తర్వాత మంచం దిగాడు. మధ్యవర్తి పనే ఇది, కాదనను. ఆ మధ్యలో నిలబడడం ఎంత కష్టమో, నోరు కట్టుకోవడం ఎంత నేర్చుకోవాల్సిన విద్యో ఫ్లెక్స్‌నర్ లెక్కలోకి రాలేదనిపిస్తుంది.

సోషల్ వర్క్ విద్యార్థులు మొదటి ఏడాదిలోనే ఫెలిక్స్ బీస్టెక్ పేరు వింటారు. ఆయన క్రైస్తవ మతాచార్యుడు. 1957లో ఏడు సూత్రాలు రాశారు. ఎదుటి మనిషిని పదిమందిలో ఒకడిగా కాక తనుగా చూడడం, తీర్పు చెప్పకపోవడం, చెప్పిన మాట దాచడం, ఇలా సాగుతాయవి. పరీక్షలో ఏడూ రాస్తారు. పనిలోకి వచ్చాక అన్నిటికంటే బరువైనది ఒక్కటే అని తెలుస్తుంది: తన బతుకు గురించి నిర్ణయం ఆ మనిషిదే అన్న సూత్రం.

ఇంట్లో నరకం భరించలేక ప్రాణం తీసుకోబోయి బతికిన ఒక ఇల్లాలు వార్డులో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆమెని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలి, నేరస్థురాలిగా కాదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి ఆమెతో రోజూ మాట్లాడింది. సఖి కేంద్రానికి పంపిద్దాం మేడమ్, ఆ ఇంటికి మళ్లీ ఎలా పంపుతాం అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఇల్లాలు మాత్రం ‘పిల్లల బడి అక్కడే ఉందమ్మా, నా ఇంటికే పోతాను’ అంది. అప్పుడు మేం చేయగలిగింది రెండు. ఆమెకి తెలియనివి తెలిసేలా చెప్పడం: 2005 నాటి గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉందని, రక్షణ అధికారి ఉంటారని, ఇంట్లోంచి గెంటేయకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చని. రెండోది, ఆమె ఎప్పుడు వచ్చినా మేం ఉంటామని నమ్మకంగా చెప్పడం. ఆమె వెళ్లింది. కొన్ని వారాలకి ఆ ఉత్తర్వు గురించి అడగడానికి తనే వచ్చింది.

ఇక్కడే నాకు దయకీ వృత్తికీ మధ్య గీత కనిపిస్తుంది. దయతో సాయం చేసే పెద్దమనిషి మాట వినకపోతే ఆయన మనసు కష్టపడుతుంది. ‘ఇంత చెప్పాను, వినలేదు, ఇక నీ ఖర్మ’ అంటాడు. ఆయన తప్పు కూడా కాదు, మనిషి స్వభావం అది. ఇచ్చినవాడికి కృతజ్ఞత మీద ఆశ ఉంటుంది. వృత్తిగా చేసేవాడికి ఆ ఆశ ఉండకూడదు, ఉండనక్కరలేదు కూడా, అతని జీతం ఇంకోచోట నుంచి వస్తోంది. కాబట్టి నీ సలహా నాకొద్దు అన్న మనిషికి కూడా రేపు తలుపు తెరిచే ఉంటుంది. జీతం ఈ పనిని అపవిత్రం చేస్తుందనేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

సంస్కర్తల నేల మనది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అలా పెళ్లాడిన జంటల్ని ఊరు వెలేస్తే ఆదుకునే భారం చాలావరకు ఆయన మీదా ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారి మీదా పడింది. అలాంటి మనుషులకి ఎంత మొక్కినా తక్కువే. ఆ త్యాగం మీదే ఎప్పటికీ బండి నడవాలనుకోవడం మాత్రం వాళ్లకీ అన్యాయం, కష్టంలో ఉన్నవాళ్లకీ అన్యాయం. సంస్కర్త దారి తీస్తాడు. ఆ దారిన ప్రతి సోమవారం పొద్దున పది గంటలకి వచ్చి కూర్చునే మనుషులు వేరే కావాలి.

ఈ తేడా బాగా ఎరిగిన మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన సంగతి తెలుగువాళ్లంతా చెప్పుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్ల ధైర్యంగా దాన్ని తలుచుకుంటాం. నాకు అందులో ఈ వృత్తి లక్షణం కనిపిస్తుంది: పెద్దమనిషికీ మామూలు మనిషికీ నియమం ఒకటే. ఆమే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఊరూరా సేవ చేసే సంస్థలకి ప్రభుత్వ ధనం గ్రాంట్లుగా చేరే ఏర్పాటు అది. గ్రాంటు వచ్చిందంటే లెక్క చెప్పాలి. మంచితనానికి లెక్క అడగడం మనకి మొరటుగా అనిపిస్తుంది. నాకు అది గౌరవంగా తోస్తుంది.

చదువు సంగతి చూస్తే, 1936లో ముంబైలోని నాగ్‌పాడాలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సారథ్యంలో సర్ దొరాబ్జీ టాటా పేరిట మొదలైన పాఠశాలే ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ పేరున ఉన్న కళాశాలలోనూ పిల్లలు ఇదే చదువుతున్నారు. చదువు వచ్చి తొంభై ఏళ్లు కావస్తున్నా చట్టానికి ఈ వృత్తి ఇంకా సరిగ్గా కనబడడం లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రతి జువెనైల్ జస్టిస్ బోర్డులోనూ మెజిస్ట్రేటు పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు ఉండాలంది, అందులో ఒకరైనా మహిళ అయి ఉండాలంది. ఎంత మంచి మాట! పిల్లవాడు నేరం వరకు ఎలా వచ్చాడో చూడగల కళ్లు న్యాయపీఠం మీదే ఉండాలన్నమాట. వాళ్ల అర్హత చెప్పే నాలుగో సెక్షన్ చదవండి. ఏడేళ్లు పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమంలో పనిచేసి ఉండాలి, లేదా బాలల మనస్తత్వశాస్త్రం, మనోవైద్యం, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రం, వీటిలో డిగ్రీ ఉండి వృత్తిలో ఉండాలి. ఆ డిగ్రీల వరసలో సోషల్ వర్క్ లేదు.

2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల కమిషన్ చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లని తన జాబితాలో చేర్చింది. అది సంతోషించదగ్గ అడుగే. కుటుంబాల్లో, బస్తీల్లో, జైళ్లలో, బాలల గృహాల్లో పనిచేసే మిగతావాళ్లందరికీ కలిపి దేశం మొత్తానికి ఒక చట్టబద్ధమైన మండలి నేటికీ లేదు.

మండలి, లైసెన్సు అనగానే నా మిత్రులే కొందరు భయపడతారు. కాగితం పెరిగి మనిషి తగ్గిపోతాడంటారు. వాళ్ల భయం వట్టిది కాదు. కెనడాలో 1960ల నుంచి శిశు సంక్షేమ శాఖల ఉద్యోగులు ఆదివాసీ కుటుంబాల నుంచి వేల మంది పిల్లల్ని తీసుకుపోయి పరాయి ఇళ్లకి దత్తత ఇచ్చేశారు. పిల్లల మేలు కోసమే అనుకున్నారు. ఆ తల్లుల్ని అడగలేదు, ఆ పిల్లల భాష ఏమవుతుందో ఆలోచించలేదు. చేతిలో అధికారం ఉండి, ఎదుటివాళ్లకి ఎదురుచెప్పే చోటు లేకపోతే చదువుకున్న మంచివాళ్లే ఇంత పని చేయగలరు. అందుకే నేను మండలిని కోరేది సోషల్ వర్కర్ల గౌరవం కోసం మాత్రమే కాదు. డాక్టరు తప్పు చేస్తే వైద్య మండలికి రాయవచ్చు, లాయరు మోసం చేస్తే బార్ కౌన్సిల్‌కి రాయవచ్చు. నా గురించి ఫైల్లో అబద్ధం రాసిందని, నా రహస్యం ఊళ్లో చెప్పిందని ఒక తల్లి సోషల్ వర్కర్ మీద ఫిర్యాదు చేయాలంటే ఆ ఫిర్యాదు వినే మండలి కావాలి. ఆ మండలి ఏర్పడిన రోజే ఫ్లెక్స్‌నర్ ప్రశ్నకి మన దేశంలో జవాబు దొరికినట్టు.

అది వచ్చేలోపు ఒక పని మీ చేతిలోనే ఉంది. ఆస్పత్రిలో గానీ, సఖి కేంద్రంలో గానీ, పిల్లల సంక్షేమ కమిటీ దగ్గర గానీ ఒక సోషల్ వర్కర్ మీ పక్కన కూర్చుని వివరాలు రాసుకుంటుంటే మొహమాటపడకండి. మీరేం చదివారు, నా గురించి ఏం రాస్తున్నారు, ఇది ఎవరెవరు చూస్తారు, నేను వద్దంటే ఏమవుతుంది అని అడగండి. వృత్తి తెలిసిన మనిషైతే కోపం తెచ్చుకోకుండా అన్నిటికీ జవాబు చెబుతుంది.