కేకులో ఏముంది?

డబ్లిన్‌లో మా ఇంటి నుంచి అరగంట దూరంలో, మీత్ కౌంటీలో, ఎమరాల్డ్ పార్క్ అని ఒక థీమ్ పార్క్ ఉంది. 2010లో తెరిచినప్పుడు దాని పేరు టేటో పార్క్. టేటో అంటే ఇక్కడి బంగాళాదుంప చిప్స్. వాటి పేరు మీద ఏకంగా ఒక పార్కే కట్టారంటే ఈ దేశానికి బంగాళాదుంప అంటే ఎంత ప్రేమో మీరే ఊహించుకోండి. 2023లో పేరు మారింది గానీ మా అమ్మాయి నోట్లో ఇంకా టేటో పార్కే. 2024లో అందులో టీర్ నా నోగ్ అనే కొత్త భాగం తెరిచారు. అదే ఏడు జూలైలో మా అమ్మాయికి పదేళ్ళు నిండాయి. పుట్టినరోజుకి ఏ పారిస్ డిస్నీలాండో అడుగుతుందని భయపడుతున్న నాకు, "టేటో పార్కుకి వెళ్దాం, రాత్రికి హోటల్లో ఉందాం" అన్న మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది.

పార్కుకి దగ్గర్లోనే ఒక రిసార్ట్ హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. ఒకటి మాకు, ఒకటి అమ్మాయికీ మా అమ్మకీ. అమ్మ అప్పుడు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. పుట్టినరోజని చెప్పగానే హోటల్ వాళ్ళు కేకు కోసం ఒక ఫారం పంపారు. ఎంతమందికి, ఏ రుచి, పైన ఏం రాయాలి, ఇవన్నీ మామూలే. అడుగున పద్నాలుగు చిన్న గళ్ళు ఉన్నాయి. గుడ్డు, పాలు, గోధుమ, వేరుశెనగ, ఆవాలు, నువ్వులు, ఇలా. మీలో ఎవరికైనా వీటిలో ఏదైనా పడదా అని ప్రశ్న.

గుడ్డు అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ గడి గురించే ఈ నాలుగు మాటలు.

ఈ పద్నాలుగు గళ్ళ వెనక ఒక చట్టం ఉంది. యూరప్ అంతటా 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బాలో పెట్టి అమ్మే సరుకే కాదు, హోటల్లో వడ్డించే వంటకంలోనూ ఈ పద్నాలుగింటిలో ఏదున్నా తినేవాళ్ళకి తెలియజెప్పాలి. ఐర్లండులో అయితే నోటిమాట చాలదు, రాసి చూపించాలి. మన ఆవకాయ ఇక్కడ అమ్మకానికి పెడితే ఆవపిండికొకటి, నువ్వుల నూనెకొకటి, రెండు హెచ్చరికలు రాయాల్సిందే. మొదట్లో నేను కూడా నవ్వుకున్నాను. కానీ ఇది నవ్వులాట కాదు. 2016లో ఒక పదిహేనేళ్ళ ఇంగ్లీషు అమ్మాయి లండన్ ఎయిర్‌పోర్టులో కొన్న శాండ్‌విచ్ తిని ప్రాణం పోగొట్టుకుంది. రొట్టెలో నువ్వులున్నాయని దాని మీద రాసి లేదు. ఆ తర్వాత 2021లో బ్రిటన్‌లో ఆ అమ్మాయి పేరుతోనే నటాషా చట్టం వచ్చింది.

అంటే, తినేది ఎవరో పేరు కూడా తెలియని వంటవాడు, ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా నిజం చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష. మరి కన్నతల్లికి కొడుకు చెప్పాలని ఏ చట్టంలో ఉంది?

మా అమ్మ పుట్టు శాకాహారి కాదు. మా ఇంట్లో ఆదివారం అంటే కోడికూర. ఆవిడ చేసిన కోడిగుడ్డు పులుసు కోసం మా మేనమామలు ఊరి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. 2014లో మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టింది. అయిదు వారాలు ఇంక్యుబేటర్‌లో ఉంది. అప్పుడు నాన్నగారికి ఆరోగ్యం బాగాలేక అమ్మ రాలేకపోయింది. రోజూ ఫోను చేసి, "ఇవాళ ఎన్ని గ్రాములు పెరిగిందిరా?" అని అడిగేది. ఒకరోజు నేను జవాబు చెప్పలేక ఏడ్చేశాను. ఆ రాత్రే వెంకన్నకి మొక్కుకుంది. పిల్ల బతికి బట్టకడితే ఇక జన్మలో నీసు గానీ గుడ్డు గానీ ముట్టనని. పిల్ల బతికింది. అమ్మ మానేసింది. మాకీ సంగతి ఆర్నెల్ల తర్వాత గానీ తెలియదు, అదీ మా పిన్ని చెబితే.

2019లో అమ్మ మొదటిసారి ఐర్లండు వచ్చింది. అమ్మాయి అయిదో పుట్టినరోజు. ఇంట్లో ఇరవైమంది. ఊళ్ళో బేకరీ నుంచి స్ట్రాబెర్రీ కేకు తెచ్చాను. అందులో గుడ్డుందని నాకు తెలుసు, అట్ట మీద లావు అక్షరాల్లో రాసి ఉంది కూడా. ఆ అట్టపెట్టె మడిచి చెత్తబుట్టలో వేశాను. అమ్మాయి మొదటి ముక్క నానమ్మ నోట్లో పెట్టింది. "ఎంత మెత్తగా ఉందే తల్లీ!" అంటూ అమ్మ తిన్నది. ఇంకో ముక్క అడిగి మరీ తిన్నది. నేను ఫొటో తీశాను. ఇప్పటికీ ఆ ఫొటో మా హాల్లో గోడకుంది.

అయిదేళ్ళ తర్వాత ఈ ఫారం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది ఆ అట్టపెట్టె. ఈసారి గడిలో టిక్కు పెట్టడం ఏమంత కష్టం కాదు. గుడ్డు లేని కేకు కావాలంటే చాక్లెట్ ఒక్కటే చెయ్యగలం, రెండ్రోజుల ముందు చెప్పండి అన్నారు. అమ్మాయికి కావలసింది స్ట్రాబెర్రీ. కాస్త మొహం ముడుచుకుంది గానీ నానమ్మ కోసమని ఒప్పుకుంది. టిక్కు పెట్టాను. కానీ ఆ టిక్కు 2019ని చెరిపెయ్యదు కదా. ఇప్పుడు అసలు ప్రశ్న కేకు గురించి కాదు. ఎప్పుడో జరిగిపోయిన ఆ సంగతి అమ్మకి చెప్పాలా, వద్దా?

నన్ను నేను సమర్థించుకోవడానికి నా దగ్గర మూడు వాదనలున్నాయి. మీకూ ఏదో ఒక సందర్భంలో పనికొచ్చినవే అయ్యుంటాయి.

మొదటిది, నేను అబద్ధం ఆడలేదు. అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. ఈ వాదన వినడానికి బాగుంటుంది. ధర్మరాజు కూడా అబద్ధం ఆడలేదు. అశ్వత్థామ అనే ఏనుగు నిజంగానే చచ్చింది. ఏనుగు అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు, అంతే. అయినా అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలకి దిగిందని కథ. మాట నిజమా కాదా అన్నది ఒక్కటే లెక్కయితే రథం దిగకూడదు. ఎదుటివాడు ఏమనుకోవాలని ఆ మాట అన్నావన్నదే లెక్క. నేను అట్టపెట్టె మడిచి చెత్తబుట్టలో వేశాను. ఊరికే మౌనంగా ఉన్నవాడికి పెట్టె దాచాల్సిన పనేముంది?

పైగా అమ్మ ఎందుకు అడగలేదు? బయట ఎక్కడ తిన్నా పదిసార్లు అడిగే మనిషి. నేను పెట్టాను గనక అడగలేదు. అడగకపోవడం నా మీద నమ్మకం. ఆ నమ్మకాన్నే నేను సాకుగా వాడుకున్నాను.

రెండోది, ఆవిడ సంతోషం కోసమే కదా. మనవరాలి పుట్టినరోజున నానమ్మ ఒక మూల కూర్చుని చూస్తూ ఉండటం ఎవరికి బాగుంటుంది? దీనికి మన పెద్దల్లోనూ ఆసరా దొరుకుతుంది. కొన్ని చోట్ల బొంకినా పాపం రాదని శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి జాబితా కట్టి చెప్పాడు. అటువైపు చూస్తే, జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో, ప్రాణం తీయడానికి వచ్చినవాడు తలుపు కొట్టి అడిగినా సరే అబద్ధం చెప్పకూడదన్నాడు. నా మటుకు నాకు కాంట్ మాట మింగుడుపడదు. ఒక ప్రాణం కాపాడటానికి అబద్ధం చెప్పాల్సి వస్తే చెప్తాను. కానీ 2019లో ఎవరి ప్రాణం మీదికి వచ్చింది? గుడ్డు లేని కేకు కోసం రెండ్రోజుల ముందు ఫోను చెయ్యాలి. నేను చెయ్యలేదు. బద్ధకం. ఆ బద్ధకానికి అమ్మ సంతోషం అని పేరు పెట్టుకున్నాను. శుక్రాచార్యుడి జాబితా ఎంత పెద్దదైనా అందులో కొడుకు బద్ధకం లేదు.

మూడోది, ఆవిడకి తెలియదు కదా, తెలియనిది మొక్కు తప్పడం ఎలా అవుతుంది? ఇది కాస్త గట్టి ప్రశ్నే. భాగవతంలో నృగ మహారాజు తనకి తెలియకుండానే వేరే బ్రాహ్మణుడి ఆవుని ఇంకొకరికి దానం చేసి, ఊసరవెల్లిగా పుట్టి నూతిలో పడి ఉన్నాడు. నాకది అన్యాయంగానే తోస్తుంది. తెలియక చేసిన దానికి అమ్మకి పాపం వస్తుందని నేను నమ్మను. అసలు మొక్కుల మీదే నాకు నమ్మకం అంతంతమాత్రం. కానీ ఆలోచించగా ఒకటి తట్టింది. మొక్కు తప్పిందో లేదో తేల్చాల్సింది నేను కాదు. మొక్కుకున్నది ఆవిడ. దాన్ని ఎలా చూసుకోవాలో, ఏమైనా చెయ్యాలో అక్కర్లేదో నిర్ణయించుకునే హక్కు ఆవిడది. నాకు నమ్మకం లేదు గనక అది చిన్న విషయం అని ఆవిడ తరఫున నేనే తీర్పు చెప్పేశాను. చదువుకున్న పిల్లలం తల్లిదండ్రులకి చేసే అన్యాయాల్లో ఇదొకటి. వాళ్ళ నమ్మకాలని ఎదురుగా కాదనం. వెనక నుంచి కాదంటాం.

పార్కులో మేం చూసిన ఆ కొత్త భాగం పేరు టీర్ నా నోగ్ అన్నాను కదా. అది ఐరిష్ పురాణాల్లో ముసలితనం లేని లోకం. ఒషీన్ అనే వీరుడు నీవ్ అనే కన్యతో అక్కడికి వెళ్ళి, కొన్నాళ్ళకి ఇల్లు చూడాలనిపించి తిరిగొస్తాడు. గుర్రం దిగి నేల మీద కాలు పెట్టొద్దని నీవ్ ముందే చెబుతుంది. పొరపాటున కింద పడతాడు, ఒక్క క్షణంలో మూడు వందల ఏళ్ళ వయసు మీద పడుతుంది. ఆ కథ బోర్డు మీద చదివి మా అమ్మాయి నానమ్మకి తెలుగులో చెప్పింది. అమ్మ విని, "పాపం, ఆ పిల్ల ముందే చెప్పింది కదా, ఆవిడ తప్పేం లేదులే" అంది. నేను పక్కకి తిరిగి ఐస్‌క్రీమ్ లైనులో నిలబడ్డాను.

ఆ రాత్రి మా ఆవిడతో అన్నాను, అమ్మకి చెప్పేస్తానని. తను ఒప్పుకోలేదు. "ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తారు? మీ మనసు తేలిక చేసుకోవడానికి అత్తయ్య మనసు బరువెక్కిస్తారా? అయిదేళ్ళు మోశారుగా, ఇంకా మొయ్యండి. అదే మీకు శిక్ష" అంది. నేను విన్న వాదనలన్నిటిలో బలమైనది ఇదే. ఇప్పటికీ నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. ఒక్కటే అన్నాను, "నేను మోస్తున్నది నాది కాదు, అమ్మది. ఆవిడది ఆవిడకి ఇవ్వాలి" అని. తను లైటు ఆర్పి అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఉదయం హోటల్ తోటలో బెంచీ మీద కూర్చుని చెప్పాను. కేకు, గుడ్డు, అట్టపెట్టె, అన్నీ. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది. "రెండో ముక్క అడిగినప్పుడన్నా చెప్పాలనిపించలేదురా?"

లేదమ్మా అన్నాను. అంతకన్నా చెప్పడానికేం లేదు.

ఆ సాయంత్రం చాక్లెట్ కేకు వచ్చింది. పక్కనే చిన్న కార్డు మీద ఇందులో ఏమున్నాయో రాసి ఉంది, గుడ్డు లేదు. అమ్మ మనవరాలి చేత ఆ కార్డు చదివించుకుని, ఒక ముక్క తిన్నది. మనవరాలిని ముద్దు పెట్టుకుంది. నాతో మామూలుగానే మాట్లాడింది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆవిడకి పట్టలేదని తర్వాత అమ్మాయి చెప్పింది, "నానమ్మ లేచి కూర్చునే ఉంది నాన్నా" అని. మా ఆవిడ అన్నదాంట్లో సగం నిజమే మరి.

ఇండియా వెళ్ళిన నెలకి అమ్మ ఫోను చేసి, తిరుపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చానని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ లెక్క ఆవిడ సరిచేసుకుంది.

నా లెక్క ఇంకా సరిపోలేదు. ఇదివరకు నేను ఎవరితోనైనా బిస్కెట్లో చాక్లెట్లో పంపిస్తే అమ్మ పొట్లం విప్పి తినేసేది. ఇప్పుడు ముందు ఫోను చేస్తుంది. "ఇందులో ఏముందిరా?" అంటుంది. కోపంగా కాదు, ఎత్తిపొడుపుగానూ కాదు, కిరాణా కొట్టువాణ్ణి అడిగినంత మామూలుగా. మొదటిసారి విన్నప్పుడు గొంతు పట్టేసింది. నోరు మూసుకుని ఉంటే ఆ పాత నమ్మకం అలాగే ఉండేది కదా అని కూడా అనిపించింది. ఉండేదే. కానీ అది నాకు దక్కాల్సింది కాదు, ఆవిడకి తెలియక నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంది.

అందుకని ఏదైనా పంపేటప్పుడు అలాంటిదే ఇంకొకటి కొని ఇంట్లో ఉంచుతున్నాను. అమ్మ ఫోను చేసినప్పుడు దాన్ని వెనక్కి తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పదార్థం నుంచి చివరిదాకా చదివి వినిపిస్తాను. అమ్మ మధ్యలో ఆపి, "అదంటే ఏంటి?" అని అడుగుతుంది. తెలిస్తే చెప్తాను. తెలియకపోతే, కనుక్కుని చెప్తాను, అప్పటిదాకా తినకు అంటాను.