చివరి మూలకు వెలుతురు

పల్నాటి ఎండ సంగతి వేరే చెప్పాలా! మాచర్ల, గురజాల వైపు వేసవిలో నాపరాయి మీద కాలు పెట్టలేం. అంత ఎండ కాసే సీమలో తరగతి గది చీకటిగా ఉంటుందంటే బయటివాళ్లు నమ్మరు. మేము ఆ గదుల్లోనే చదువుకున్నాం. మాలో కొందరం ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాం. వేడికి జడిసి కిటికీలు మూస్తాం. లోపల ఒకటో రెండో ట్యూబ్‌లైట్లు. అవతలి గోడ మూలన కూర్చున్న పిల్లకు బోర్డు సరిగా కనబడదు. ఆ మూలన కూర్చునేది ఎక్కువగా ఎవరు? ఆలస్యంగా చేరినవాళ్లు, మిర్చి కోతలకు అమ్మానాన్నల వెంట వెళ్లి వచ్చినవాళ్లు. మన తండాల, ఎరుకల, యానాది, చెంచు పిల్లలే.

మాలో ఒకరు అలాంటి పిల్లను రెండేళ్లు మొద్దు అనుకున్నారు. లెక్క తప్పుగా దించుకునేది. ఒకనాడు వరండాలో పాఠం చెబితే ఒక్క అంకె తప్పలేదు. ఆ రెండేళ్ల మాటలు ఎవరు వెనక్కి తీసుకోగలరు? కావాలని ఎవరూ చేయలేదు, నిజమే. కానీ తెలిశాక కూడా అదే మూలన కూర్చోబెడితే అది కావాలని చేసినట్టే కదా.

మా పెద్దలు బుడ్డి దీపం కింద చదివి పైకి రాలేదా అంటారు కొందరు. పైకొచ్చినవాళ్లు కనబడుతున్నారు సరే, ఆ చీకట్లోనే ఆగిపోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? పైగా కరెంటు లేక కాదు. సాగర్ కుడి కాలువ మీద 90 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం మన పక్కనే ఉంది. 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో ఫ్యాన్లూ లైట్లూ కూడా ఉండేవి. అయితే గదికి ఇన్ని లైట్లని రాసుకుంటే సమానం అయిపోదు. చూడాల్సింది పుస్తకం మీద పడే వెలుతురు. దాన్ని లక్స్‌లలో కొలుస్తారు. తరగతి గదికి 300 లక్స్ దాకా ఉండాలంటారు.

ఇంకో మాట. తండా పిల్లలు ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతారు. ఒకటో తరగతిలో తెలుగు వాళ్లకు కొత్త భాష. పంతులు పెదవులు చూసి పలుకు పట్టుకుంటారు. పంతులు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నల్లని నీడే. బోర్డు గురించి అందరూ మాట్లాడతారు గానీ ఈ సంగతి ఎవరికీ తట్టదు.

ఈసారి బడి తెరిచే ముందు మేము ఆ మూల బల్ల మీద కూర్చుని చూశాం. బోర్డు మీద సగం మెరుపే, అక్షరం లేదు. బోర్డును పక్క గోడకు మార్చాం, కిటికీ పిల్లల ఎడమ చేతివైపు వచ్చింది. కుడిచేత్తో రాసేవాళ్లకు చేతి నీడ రాత మీద పడదు. ఎడమచేతి వాటం పిల్లలిద్దరిని అవతలి చివరకు మార్చాం. పిడుగురాళ్ల సున్నం తెచ్చి గోడలకూ పైకప్పుకూ కొట్టాం. లోపలి వరుస లైటుకు వేరే స్విచ్ పెట్టించాం. పగలు కూడా అది వెలుగుతూనే ఉంటుంది. కరెంటు వృథా అని ఒకాయన దాన్ని రోజూ ఆపేస్తున్నారు. మేము రోజూ వేస్తున్నాం.