కరువు భత్యం

డి.ఏ.కి తెలుగులో 'కరువు భత్యం' అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, కర్నూలు, కడప వాళ్ళం ఆ మాటను తేలిగ్గా పలకలేం. మా సీమలో కరువు కాగితం మీది లెక్క కాదు మరి!

మా మామగారు రిటైరైన టీచరు. ఉద్యోగులకు డి.ఏ., పెన్షనర్లకు డి.ఆర్. - పేరేదైనా, ధరల సూచీ పెరిగితే జనవరికీ జూలైకీ అదీ పెరగాలి. ఆలస్యమైతే ఇంట్లో అందరికన్నా ముందు సణిగేది నేనే. పెన్షను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెన్షనర్లు ఏటా ఆ రోజును పండుగలా జరుపుకుంటారు.

మొన్న మామగారికి డి.ఆర్. కలిసిందని పాయసం చేశాను. గిన్నెలు తోముతున్న పనిమనిషి, "అమ్మా, నాకూ ఓ రెండొందలు పెంచండి" అంది.

"పోయినేడే కదా పెంచింది!" అన్నాను.

ఆమె తలెత్తకుండానే, "అంగట్లో నూనె మాకేమన్నా అగ్గవకు ఇస్తారామ్మా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ధర పెరిగితే మాకు రావలసింది హక్కూ, ఆమెకు ఇవ్వవలసింది దానమూనా? పద్నాలుగేళ్ళుగా మా ఎంగిలి కంచాలు కడుగుతున్న ఆ చేతులకు రేపు ముసలితనం రాదా?

జీతం పెంచాను. పుణ్యం చేసినట్టనిపించలేదు, పాత బాకీలో కొంత తీర్చినట్టనిపించింది. ఇకమీదట ఆమె అడగకముందే లెక్క చూడాలనుకున్నాను. జనవరి, జూలై ఆమె ఇంటికీ వస్తాయి కదా!