అంధశిశువు – గృహస్థధర్మము

సూరతు నగరమున, తపతీనదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి యను పేట కలదు. ఒకప్పుడది గ్రామము, నేడు నగరములో కలిసిపోయి, మరమగ్గముల చప్పుడుతో నిండియున్నది. తెలంగాణపు నేతగాండ్రు అనేకులు సూరతునకు వలసపోయి మగ్గములపై బ్రతుకుచున్నారు; ఆ నగరపాలక సంఘము తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడుపవలసినంతటి సంఖ్యలో వారచట నున్నారు. వారు దినదినము దాటిపోవు ఆ తపతి సామాన్యమైన నది కాదు. ఆమె సూర్యుని కూతురు. ఆమెను సంవరణుడు వలచి, వసిష్ఠమహర్షి పూనికచే పెండ్లాడెననియు, వారికి పుట్టినవాడే కురువనియు ఆదిపర్వము చెప్పుచున్నది. ఆ కురువంశముననే ధృతరాష్ట్రుడు పుట్టుగ్రుడ్డియై జన్మించెను. సూర్యపుత్రిక వంశమున సూర్యుని చూడలేని బిడ్డ! ఇట్టి బిడ్డ పుట్టిన యిల్లు శాపగ్రస్తమని పలుకువారు ఈ వంశవృక్షమును ఒకమారు తలపోయవలెను.

అంబిక వ్యాసుని భీకరాకృతిని జూచి కన్నులు మూసికొనినందున బిడ్డ అంధుడయ్యెనని కథ. విన్నవారు ఆ తల్లి కన్నులు మూసిన మాటను మాత్రమే జ్ఞప్తియందుంచుకొనిరి కాబోలు, నేటికిని చూపులేని బిడ్డ పుట్టిన యింట మొదటి విచారణ తల్లిపైననే సాగును. గ్రహణమునాడు గడప దాటినదా? ఎవరి ఉసురు పోసికొన్నది? ఆమె పుట్టింట ఎవరికైనను ఇట్టిది కలదా? పురాణకథను వైద్యగ్రంథముగా చదువుట ఆ కథకును అన్యాయమే, ఆ తల్లికిని అన్యాయమే. వైద్యులు చెప్పు కారణములు వేరు: గర్భిణికి సోకిన రుబెల్లా జ్వరము, వంశానుగతములగు లోపములు, నెలలు నిండక పుట్టిన శిశువు కంటిలో నెత్తురునాళములు వికటముగా పెరుగుట, పుట్టుశుక్లము. వీనిలో కొన్ని సకాలమున గుర్తించినచో చూపు దక్కును. 34 వారములకు ముందుగా గాని, 2 కిలోలకు తక్కువ తూకముతో గాని పుట్టిన బిడ్డకు 30 దినములు నిండకముందే కంటిపరీక్ష జరుగవలెను. కంటిపాప నడుమ తెల్లని మెరుపు కానవచ్చినచో ఒక్కనాడైనను ఆలసింపరాదు. అది శుక్లము కావచ్చును, ప్రాణమునకే ముప్పు తెచ్చు కంటిగడ్డయు కావచ్చును. మ్రొక్కుబడి తీర్చుటకు వ్యవధి కలదు, దీనికి లేదు.

వైద్యము చేయదగినదంతయు చేసిన పిమ్మట, ఈ బిడ్డకు చూపు రాదని తెలిసిన దినమొకటి వచ్చును. అసలు ప్రశ్న ఆనాడు మొదలగును. బంధువులు కర్మఫలమని నిట్టూర్తురు. కర్మసిద్ధాంతము మన పెద్దలు కనుగొనిన గొప్ప సత్యము. కాని అది ఎవరికి వారు తమ నడవడిని దిద్దుకొనుటకు చెప్పబడినదే గాని, ఉయ్యాలలోని శిశువును చూపి తీర్పు చెప్పుటకు కాదు. ఆ బిడ్డ పూర్వజన్మమును చూచినవారెవ్వరును లేరు. ఆ బిడ్డ ఆకలి మాత్రము అందరికిని వినబడుచున్నది. ముందున్న కర్తవ్యమును విడిచి వెనుకటి పాపమును లెక్కించువాడు కర్మను నమ్మినవాడు కాడు, కర్మను మానినవాడు.

ధృతరాష్ట్రుని పెంపకము ఎట్లు జరిగెను? భీష్ముడు అన్నదమ్ములు మువ్వురిని కన్నబిడ్డలవలె పెంచెను. విదురుడు ధర్మమునందును, పాండురాజు విలువిద్యయందును పేరొందగా, ధృతరాష్ట్రుడు భుజబలమున అందరిని మించెను. అనగా కురుకులము అతనిని మూల గూర్చుండబెట్టలేదు. కాని సింహాసనము ప్రసక్తి వచ్చినపుడు అంధుడను కారణమున అతనిని తప్పించిరి. ఆ ముల్లు అతని హృదయమున జీవితాంతము మిగిలెను. తాను పోగొట్టుకొనినదానిని కొడుకు ద్వారమున పొందగోరెను. ఆ యింట బలమునకు శిక్షణ దొరకినది. గాయపడిన మనస్సును తాకి చూచినవారు లేకపోయిరి.

ఇక గాంధారి. భర్తకు లేని వెలుగు తనకేలయని ఆమె కన్నులకు వస్త్రము బిగించుకొనెను. ఆమె పాతివ్రత్యమునకు లోకము మ్రొక్కుచున్నది, మ్రొక్కదగినదే. అయినను గృహస్థులు ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలసియున్నది. చూడలేని తండ్రి ఒకవైపు, చూడనొల్లని తల్లి ఒకవైపు. నూర్గురు కొడుకుల ముఖములలో అసూయ మొలకెత్తుచుండగా చదువుటకు ఆ యింట రెండు కన్నులైనను తెరచి యుండలేదు. అంధశిశువు గల యిండ్లలో అనేకులు తెలియకయే ఈ వస్త్రమును కట్టుకొందురు. కొందరికది సిగ్గు: పెండ్లికి, జాతరకు బిడ్డను తీసికొనిపోరు. కొందరికది జాలి: అన్నము కలిపి నోట బెట్టుదురు, నడువనీయరు, ఏడేండ్లు వచ్చినను చొక్కా తామే తొడుగుదురు. జాలికట్టు సిగ్గుకట్టుకంటె మెత్తనిది గనుక విప్పుకొనుట మరింత కష్టము.

తండ్రులకు మూడవదియు కలదు, పారిపోవుట. వనపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు వేదాధ్యయనమునకై తల్లిదండ్రుల అనుమతి లేకయే ఇల్లు వెడలెను. చూపుతో కొంగను చంపగలిగిన తపశ్శక్తి అతనికి అబ్బెను. భిక్షకై నిలిచిన వాకిట భర్తసేవలోనున్న యొక ఇల్లాలు అతనిని వేచియుండుమని, తాను కొంగను కానని తేల్చి చెప్పి, మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు పంపెను. మాంసమమ్ముకొను ఆ వ్యాధుడు తన వృద్ధ మాతాపితరులను చూపి, వీరే నాకు దైవములనెను. పిదప కౌశికునితో, నీ కొరకు శోకించి శోకించి నీ తల్లిదండ్రులు అంధులైరి, పోయి వారిని సేవింపుమనెను. తపస్సునకై వెడలినవానిని అంధత్వమున్న యింటికి మరలించిన కథ యిది. ఇది తల్లిదండ్రుల విషయము కదా, బిడ్డ మాట వేరు కదాయని తప్పించుకొనుట తగదు. తన్ను విడిచి బ్రతుకలేనివారు ఉన్న చోటనే గృహస్థుని తీర్థము.

కాషాయము కట్టకయే సంసారమును విడుచు మార్గములు పెక్కులు కలవు. మరమగ్గముల కార్ఖానాలో పండ్రెండు గంటల పాళీ చేసి వచ్చు తండ్రి, బిడ్డ నిదురించిన పిదపనే ఇల్లు చేరుటకు అలవాటుపడవచ్చును. అలసట అతనికి సాకు గాదు, నిజమే, అయినను బిడ్డకు దక్కునది తండ్రిలేమియే. బిడ్డను స్వగ్రామమున తాతఅవ్వల వద్ద వదలి నెలనెల పైకము పంపుట మరియొక మార్గము. కొన్ని యిండ్లకు అది గత్యంతరము లేని ఏర్పాటు కావచ్చును. కాని తాతఅవ్వలు పెంచుచున్నారా, దాచుచున్నారా యని తెలిసికొనుట తల్లిదండ్రులకు విధి.

తల్లులకు తెలియవలసినది ఒకటి కలదు. దీనిని తెలియమిచే అనేక గృహములలో తొలి యేడాదియే తల్లిబిడ్డల నడుమ గోడ లేచుచున్నది. చూపుగల శిశువు తల్లి ముఖము చూచి నవ్వును. ఆ నవ్వే తల్లికి జీతము. చూపులేని శిశువు తల్లి అడుగుల చప్పుడు విని కదలక మెదలక ఉండిపోవును. బిడ్డకు నా మీద ప్రేమ లేదని, మందమతియని తల్లి కుమిలిపోవును. అది ప్రేమలేమి కాదు, వినుట. చెవులే లోకమైనవాడు వినునపుడు ఒడలెల్ల నిశ్చలముగా నుంచుకొనును. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున సెల్మా ఫ్రైబర్గ్ అను విదుషి అంధశిశువులను ఏండ్ల తరబడి వారి యిండ్లలోనే పరిశీలించి, 1977లో ఒక గ్రంథము వెలువరించినది. ఆమె తల్లులకు చెప్పినది ఇది: ముఖమును గాక చేతులను చూడుడు. బిడ్డ ముఖము బొమ్మవలె నున్నను, ఆ చిన్న వ్రేళ్ళు వెదకును, పట్టును, విడుచును, మరల వెదకును. కోరికయు, సంతోషమును, బెంగయు అచటనే వ్రాయబడియుండును. అట్టి శిశువులు ప్రాకుటకు ఆలస్యమగుటకును కారణమామె చెప్పినది. దూరమున మెరయు బొమ్మ వారిని రమ్మని పిలువదు. చప్పుడు వినబడిన చోట వస్తువుండునని గ్రహించి చేయి చాచుటకు వారికి ఇంచుమించు ఏడాది నిండవలెను. ఆ లోపల బుద్ధిమాంద్యమని ముద్రవేయుట ఘోరము.

కావున ఆ యింట మాట్లాడుటయే దీపారాధన. ఎత్తుకొనబోవునపుడు ముందుగా పేరు పెట్టి పిలువవలెను. చెప్పక ఎత్తినచో ఆకాశమే తన్ను ఎగురవేసినట్లు బిడ్డ జడియును. నీళ్ళు పోయునపుడు నీళ్ళని, పప్పు అంటినపుడు పప్పని చెప్పవలెను. చేటలో బియ్యమును, తడిసిన నూలును, తులసి ఆకును చేతికీయవలెను. బిందె నేడొక చోట, రేపొక చోట పెట్టరాదు. పడునేమోయని భయపడుట సహజము, పడును కూడ. నడక నేర్చిన బిడ్డలలో పడనివారెవ్వరు?

ఆంధ్రదేశముననే దీనికి సాక్ష్యము కలదు. మచిలీపట్నము దాపున సీతారామపురమున చదువుసంధ్యలు లేని ఒక సేద్యపు దంపతులకు 1990ల ఆరంభమున చూపులేని కొడుకు పుట్టెను. ఊపిరాడకుండ చేసి ప్రాణము తీయుడని చెప్పినవారు ఆనాడు కలరు. ఆ దంపతులు వినలేదు. బాలుడు ఆరేండ్ల వాడై, అన్న చేయి పట్టుకొని కొన్ని కిలోమీటర్లు నడచి ఊరిబడికి పోయెను; బడిలో అతనిని పలుకరించువారే లేకపోయిరి. ఎనిమిదవయేట తండ్రి అతనిని హైదరాబాదులోని అంధబాలుర వసతి పాఠశాలకు పంపెను. పదవ తరగతి పిదప గణితము, విజ్ఞానశాస్త్రము చదువుటకు నియమములు అడ్డురాగా, ఉపాధ్యాయిని ఒకామె అండతో న్యాయస్థానమున వాదించి గెలిచి, నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. 2009లో అమెరికాలోని ప్రసిద్ధమగు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరెను. 2012లో హైదరాబాదునకు మరలి వచ్చి, పోకాకులతోడను కాగితముతోడను వస్తువులు చేయు పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు అచట పని కల్పించెను. అతడే బొల్లా శ్రీకాంత్. 2022లో వివాహమాడి గృహస్థుడయ్యెను. అతని ఘనకార్యములను అందరును చెప్పుకొందురు. వాని కన్నిటికిని మొదట ఆ పూరింటిలో జరిగిన కార్యము ఒకటి కలదు: చంపుమన్న మాటను విని, ఆ తల్లి బిడ్డకు పాలిచ్చినది. దానికి పతకములు లేవు.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి కథ మరియొక విధమైనది. 1893లో జన్మించిన ఆ మహనీయునికి బాల్యముననే చూపు మందగించుటచే బడిచదువు సాగలేదు. అన్నగారు అతనికి ఫిడేలు నేర్పిరి. విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యుడై, పిదప అధ్యక్షుడై, 1964లో కీర్తిశేషుడగువరకు ఆ వాద్యముచే దేశమును ఓలలాడించెను. ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ మూడేండ్ల ప్రాయమున తండ్రి తోలుపని కొట్టులోని పనిముట్టుచే కన్ను పోగొట్టుకొనగా, ఆ తండ్రి కఱ్ఱపై మేకులు కొట్టి అక్షరములను తడిమి నేర్చుకొనునట్లు చేసెనని చెప్పుదురు. ఆ బాలుడు పదునైదేండ్లకే, 1824 నాటికి, చుక్కల లిపిని రూపొందించెను. 1951లో భారతభాషలన్నిటికిని దానిననుసరించి ఒకే లిపి ఏర్పడినది. తెలుగు అక్షరములు నేడు వ్రేళ్ళకొనలతో చదువబడుచున్నవి. అన్నయో, తండ్రియో పూనుకొనుటయే రెండుచోట్లను మొదటి మెట్టు.

కొందరు వేరుగా వాదింతురు. దయానంద సరస్వతీస్వామికి విద్య గరపిన మథురలోని విరజానంద దండి ఐదేండ్లకు మశూచిచే చూపు పోగొట్టుకొనినవాడు; తల్లిదండ్రులు గతించిన పిదప అన్న యింట ఆదరణ కరవై వెడలిపోయినవాడు; అతడు మహావైయాకరణి కాలేదా? ఇల్లు వెడలగొట్టుటయే మేలైనదని దీని నుండి గ్రహించువారు కలరు. అతడు ఆ నిరాదరణచే గొప్పవాడు కాలేదు, దానిని దాటి గొప్పవాడయ్యెను. అట్లు దాటలేక దారిలో పడిపోయిన బాలురెందరో చరిత్రకెక్కలేదు.

తోబుట్టువుల మాట మరువరాదు. చూపులేని బిడ్డకే ఇంటి ప్రాణమంతయు ధారపోసి, చూపుగల చెల్లెలిని జీవితకాలపు ఊతకఱ్ఱగా పెంచుట రెండవ అన్యాయము. ఆమె చేయి పట్టి నడపినపుడు మెచ్చుకొనవలెను, ఆడుకొనపోవునపుడు ఆపరాదు. అంధునికి పెండ్లి యేలయని తలిదండ్రులే ముందుగా నిర్ణయించుటయు ఇట్టిదే. సంసారము మోయగలిగినవానికి సంసారము నిషిద్ధమని ఏ స్మృతియు విధింపజాలదు. ముందుగా వానికి ఇంటిపని, సంపాదన, మాట నిలుపుకొనుట అలవడెనా యనునదే విచారింపదగినది, అది చూపుగల వరునికిని సమానమే.

నాలుగైదేండ్ల ప్రాయమున ఆ బిడ్డ ఒకనాడు తప్పక అడుగును. తోడి పిల్లలు చంద్రుని చూపి కేకలు వేయగా విని వచ్చి, “అమ్మా, నాకెప్పుడు కనబడుతుంది?” యనును. పెద్దవాడవైన తర్వాతయని బొంకినచో ఆ బిడ్డ ఏటేట ఎదురుచూచి, పదవయేట తల్లిని నమ్ముట మానును. ఏడ్చినచో తానే ఆ ఏడుపునకు కారణమని తలచును. “కనబడదు నాయనా. నీ కళ్ళు అట్లా పుట్టినవి. ఎవరి తప్పూ కాదు” అని నెమ్మదిగా చెప్పవలెను. చంద్రుడెట్లుండునని అడిగినచో తనకు తెలిసినంత చెప్పవలెను. చల్లగా నుండునని, చేతికి అందడని, చూడగలవారికిని అందడని. బిడ్డ కొంతసేపు మౌనముగా నుండును. ఆ మౌనమును చెదరగొట్టక, ఒలువవలసిన చిక్కుడుకాయలలో సగము వాని ముందుకు జరిపి, తల్లి తన సగము ఒలుచుకొనుచు ప్రక్కన కూర్చుండవలెను.