‘జాగ్రత్త కోసమే పంపాను’

మీ విచారణ వాట్సాప్ గ్రూపును ఒకసారి తెరచి చూడండి. ఆదివారం పూజ వేళలు, ఎవరి ఇంటిలోనో మరణవార్త, ఒక పుట్టినరోజు ఫొటో, వాటి నడుమ ఒక హెచ్చరిక. ఫలానా పండు తినవద్దనో, ఫలానా నంబరు ఎత్తవద్దనో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మన పేటలో దిగిందనో ఉంటుంది. ఇది నిజమేనా అని పంపినవారిని అడగండి. చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే. “నాకు తెలియదండీ, జాగ్రత్త కోసమే పంపాను. నిజమైతే మేలు, కాకపోతే పోయేదేముంది?”

పోయేదేముందో మన హైదరాబాదు పాతబస్తీ ఒకసారి చూచింది. 2018 మే 26, శనివారం రాత్రి. మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చి, రంజాను రోజులలో చాంద్రాయణగుట్ట దుకాణాల వద్ద భిక్షమడుగుకుంటున్న కొందరు హిజ్రాలను పిల్లల దొంగలని ఎవరో అనుమానించారు. గుంపు చేరింది. ఒకరిని కొట్టి చంపింది, మిగిలినవారిని గాయపరచింది. వారు ఏ బిడ్డనూ ఎత్తుకుపోలేదు. అదే ఏడాది జూలై 13న మన నగరానికే చెందిన 32 ఏళ్ళ ఇంజనీరు ఒకరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదరు జిల్లాకు వెళ్ళారు. దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ చాక్లెట్లే అనుమానానికి కారణమయ్యాయి. ముర్కి గ్రామం వద్ద ఆయన గుంపు చేతిలో హతుడయ్యాడు.

ఈ హత్యలకు ముందు ఫోన్లలో నెలల తరబడి తిరిగిన వీడియోలలో ఒకదాని కథ చెప్పాలి. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి ఒక బాలుని ఎత్తుకుపోతారు. చూచిన తల్లి గుండె జారిపోతుంది. కాని అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల క్షేమం కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రులను మేలుకొల్పడానికి తీయించిన చిత్రం. అసలు చిత్రంలో ఆ మనుషులు బాలుని వెనక్కు తెచ్చి దించి, పిల్లలను కనిపెట్టుకొని ఉండండని వ్రాసిన అట్టను చూపుతారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసివేశారు. ప్రకటనల విషయంలో వ్యాపారులకు సలహాలివ్వడం నా వృత్తి గనుక ఇది నన్ను మరీ కలవరపెట్టింది. అబద్ధం చెప్పడానికి అక్కడ ఒక్క దృశ్యమైనా కొత్తగా కల్పించనక్కరలేకపోయింది. మంచి కోసం తీసిన దానికి తోక కత్తిరిస్తే సరిపోయింది.

మా వృత్తిలో అందరికీ తెలిసిన ఒక సంగతి ఉన్నది. ఎంత పెద్ద హోర్డింగు పెట్టినా తెలిసినవారి నోటి మాటకు సాటిరాదు. పత్తర్‌గట్టీలో ముత్యాలు కొనే ఇల్లాలిని చూడండి. ఏది అసలో ఏది నకిలీయో ఆమెకు చూపుతో తెలియదు. అయినా నేరుగా ఒక కొట్టుకు వెళుతుంది. ఎందుకు? వదినగారు చెప్పారు! వదినగారి మాట మీది నమ్మకాన్ని ఆ కొట్టుకు అరువిచ్చినట్లు. వ్యాపారులు ఎంతో ఖర్చుపెట్టి సంపాదించాలని చూచే ఆ నమ్మకాన్ని మనము ఒక్క వ్రేలి కదలికతో ఊరూపేరూ తెలియని వీడియోకు ఉచితంగా ఇచ్చివేస్తున్నాము. అవతలివారు నమ్మేది వీడియోను కాదు, పంపిన మిమ్మును. “అక్క పంపింది గదా, చూడకుండా పంపుతుందా?” అనుకుంటారు. అక్క కూడా తనకు పంపినవారి గురించి అలాగే అనుకున్నది.

సాక్ష్యమంటే ఇదే గదా. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధమాడేవానికి మాత్రమే అనుకుంటాము. న్యాయస్థానంలో ఒకడు తాను చూడని దానిని చూచినట్లు చెప్పి, “మంచి ఉద్దేశంతోనే చెప్పాను” అంటే మనము ఒప్పుకోము. అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు 2018 జనవరిలో, అంటే చాంద్రాయణగుట్ట ఘటనకు నాలుగు నెలల ముందు, తమ సమాచార దినోత్సవ సందేశాన్ని తప్పుడు వార్తల మీదనే వ్రాశారు. ఏదెను తోటలోని సర్పం శత్రువులా రాలేదనీ, మేలు కోరే స్నేహితునిలా వచ్చిందనీ అందులో గుర్తుచేశారు. ‘జాగ్రత్త’ అనే మాట ఎంత తీయగా వినిపిస్తుందో ఆలోచించండి.

తప్పంతా కంపెనీలదే అనేవారున్నారు. వారి వాటా తక్కువేమీ కాదు. పంపడం ఎంత సులభమైతే వారి వ్యాపారం అంత పెరుగుతుంది. భారతీయులు తక్కిన దేశాలవారందరికంటే ఎక్కువగా సందేశాలను ముందుకు పంపుతున్నారని 2018 జూలైలో వాట్సాప్ తానే చెప్పి, ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపరాదని మన దేశంలో కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపేటట్లు చేసింది. అటువంటి సందేశాల పంపకం 70 శాతం తగ్గిపోయిందని ఆ నెలాఖరులోనే ప్రకటించింది. నిషేధించలేదు, ఒక్కొక్కరికే పంపుకోమన్నది, అంతే. ప్రాణాలు కాపాడే హెచ్చరిక అని నిజంగా నమ్మిన మనిషి ఇంకొకసారి మీట నొక్కడానికి బద్ధకిస్తాడా?

మరి బిడ్డలకు నిజంగానే ఆపద ఉంటే? 1098 ఉన్నది, 100 ఉన్నది, ఠాణా ఉన్నది. ఏదైనా చేయగలిగినవారికి చెప్పండి. గ్రూపులోని రెండువందల మంది చేయగలిగినది భయపడడం ఒక్కటే, ఆ భయం ఎవరి మీదనో ఒకరి మీద పడుతుంది. ఎవరి మీద పడుతుందో కూడా గమనించండి. హిజ్రా, బిచ్చగాడు, పనికోసం వచ్చిన పరాయి రాష్ట్రంవాడు. వారెవ్వరూ మన గ్రూపులో ఉండరు, నేను దొంగను కానని అక్కడ వ్రాసుకోలేరు. జాగ్రత్త మనది, దాని వెల వారిది.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఇవే వీడియోలు తిరిగాయి. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే పల్లెజనం తలుపులు బిగించుకోసాగారు. అది కనిపెట్టిన అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్ళను ఊరూరికీ పంపి, డప్పులతో, జానపద పాటలతో, మనిషికి మనిషి ఎదురుగా నిలబడి ఇది అబద్ధమని చెప్పించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. శ్రమపడ్డారు! అబద్ధానికి ఒక మీట చాలింది, నిజానికి వందల ఊళ్ళు కాలినడక కావలసివచ్చింది.

ఇదివరకే పంపివేసినవారు ఏమి చేయాలి? చాలామంది చడీచప్పుడు లేకుండా చెరిపివేస్తారు. మీరు చెరిపితే మీరు పంపినది మాత్రమే పోతుంది. మీ నుండి తీసుకొని ఇతరులు ముందుకు పంపిన ప్రతులు అలాగే తిరుగుతుంటాయి. ఒకరి సొమ్ము పోగొట్టినవాడు తిరిగి చెల్లించాలని మన తల్లి శ్రీసభ బోధిస్తుంది. సత్యానికి చేసిన కీడుకూ ఆ బాకీ ఉన్నది. పంపిన చోటనే, అందరూ చూచేటట్లు, ఇలా వ్రాయండి: “నిన్న నేను పంపిన వీడియో నిజం కాదు. మీలో ఎవరైనా దానిని ఇంకెవరికైనా పంపి ఉంటే వారికి కూడా ఈ సంగతి తెలియజేయండి.”